సీసా గాజుకు ఓపిక తక్కువ

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు. స్క్రాప్ దుకాణంల ఖాళీ బీరు సీసాలు కొని, కడిగి, పలగ్గొట్టి, బట్టీల కరిగించి ఇనుప గొట్టంతోని ఊది ఫ్లవర్ వాజులు చేస్తున్నడట. "రాత్రి మంచిగనే ఉంటదన్నా, పొద్దున చూస్తే నిలువునా చీలి ఉంటది, ఇంట్లోళ్లు దిష్టి అని నిమ్మకాయలు కట్టిన్రు, అసలు సంగతేంది?" అని అడిగిండు.

దిష్టి ఏం లేదు, గాజు లోపల్నే కొట్లాట ఉంది. ఇది నాకు చానా ఇష్టమైన ముచ్చట.

ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతది, గాజుకు అట్ల ఒక్క పాయింటు అంటూ ఉండదు. పల్లిపట్టీల పాకం యాది చేసుకోండి. పళ్లెంల పోయంగనే పారుతది, కొంచెం ఆరితే కత్తికి మెత్తగ తెగుతది, ఇంకా ఆరితే కత్తి దిగదు, విరగ్గొట్టుడే. ఎక్కడ గట్టిపడ్డదో గీత గీసి చూపించలేం. గాజు కూడ అంతే, సీసా గాజైతే దాదాపు 1000 డిగ్రీల దగ్గర ఊదనీకి వీలుగ ఉంటది, అప్పుడు కూడ నీళ్లకంటె పది లక్షల రెట్లు చిక్కన, 720, 730కి వచ్చేసరికి ఇగ మాట వినదు. పాకం ఆరకముందే గాట్లు పెట్టాలని అమ్మ తొందరపడ్తది చూడండి, ఊదేటోనికి కూడ అదే తొందర.

అందులో సీసా గాజు ఇంకా తొందరది. ఫ్యాక్టరీల మిషిన్లు టకటకా సీసాలు దింపాలె కాబట్టి గాజుల సున్నం ఎంత కలపాలో అట్ల చూసుకుని, అచ్చుల పడంగనే బిగుసుకునేటట్టు చేస్తరు. మిషిన్‌కు మంచిదే, మనిషికి కష్టం, రెండు ఊదులు ఊది మళ్ల బట్టీల పెట్టాలె. కొందరు మెత్తగ ఉండాలని సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి) కలుపుతరు, గని సోడా పెరిగితే గాజు వేడికి సాగుడు, చల్లారితే ముడుచుకునుడు కూడ పెరుగుతది.

ఇగ పగులుడు. బయటి పొర ముందు గట్టిపడ్తది, లోపలిది ఇంకా వేడి మీద ఉంటది, తర్వాత అది ముడుచుకుందామంటే బయటిది రానియ్యదు. బయట నొక్కుడు, లోపల గుంజుడు. ఒక చిన్న గీత లోపలి గుంజుడు దాక చేరితే చాలు, ఎవ్వరు ముట్టకున్నా చీలుతది. ఇంకో సంగతి, సీసాల మధ్యల ల్యాబు బీకరు ముక్క, అది వేరే రకం గాజు, కలిసిందనుకోండి, 500 డిగ్రీలు చల్లారేసరికి 10 సెంటీమీటర్ల సీసా గాజు 0.45 మిల్లీమీటర్లు తగ్గుతది, బీకరు గాజు 0.17 కూడ తగ్గదు. ఒకదాన్నొకటి అతుక్కుని ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కడికి పోవాలె?

కాబట్టి తమ్ముడు చేయాల్సింది అనీలింగ్. వాజు వేడిగ ఉండంగనే 550 డిగ్రీల పెట్టెల పెట్టి కొంత సేపు అట్లనే ఉంచి, మెల్లగ దింపాలె. మందం రెండింతలైతే చల్లార్చే టైం నాలుగింతలు పెట్టాలె, ఇది మన బడులల్ల ఎవ్వరు చెప్పరు, గాజు అతిశీతల ద్రవం అని ఒక్క ముక్క బట్టీ పట్టించి వదిలేస్తరు.

లోపలి ఈ నొక్కుడు, గుంజుడు, అంటే ఒత్తిడి, కంటికి కనిపిస్తది కూడ. ల్యాప్‌టాప్‌ల తెల్ల స్క్రీన్ పెట్టి, దాని ముందు వాజు ఉంచి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తల వంచుకుంట చూడండి, స్క్రీన్ నల్లగయ్యే కోణంల గాజుల ఒత్తిడున్న జాగలు మెరుస్తయి, ఎక్కువున్న కాడ రంగులు కూడ వస్తయి. వాజు అడుగు భాగం మందంగ ఉంటే ముందు అక్కడ చూడండి.