మామిడి బీరు తియ్యగా ఎందుకుండదు? లోకల్ బీర్లపై అపోహలు – వాస్తవాలు

మన దేశంలో మైక్రోబ్రూవరీల (అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్ల) కథ పుణెలో డూలాలీతో 2009లో ఊపందుకుంది. తెలంగాణలో 2015లో రూల్స్ వచ్చాక జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా అవి ఒక్కొక్కటిగా వెలిశాయి. అలాంటి ఒకచోట బీరు తయారుచేయడమే నా ఉద్యోగం. పగలంతా ట్యాంకులు, పైపులు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బస్తాలు. సాయంత్రం కౌంటర్ దగ్గరికొస్తే చాలు, చింతపండు బీరేంటి, జొన్న బీరేంటి, గ్లిజరిన్ ఉందా లేదా అని మొదలుపెడతారు. వాటికి జవాబులన్నీ ఇక్కడ ఒకేచోట రాస్తున్నా. తాగడానికి రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండాలి, ఆ లోపు వాళ్లకు ఈ పోస్టుతో పనిలేదు.

అపోహ: పండు పేరున్న బీరంటే జ్యూస్ కలిపిన బీరే. తియ్యగా ఉంటుంది, కిక్కుండదు.

గ్లాసులో పోసేటప్పుడు సిరప్ కలిపి ఇచ్చే చోట్లు ఉన్నాయి, లేవనను. కానీ పండుతో పులియబెట్టే పద్ధతి వేరు. మాల్ట్ నానబెట్టి తీసిన రసాన్ని మేం వోర్ట్ అంటాం. అది సగం పులిశాక బంగినపల్లి గుజ్జు ట్యాంకులో పోస్తే, ఈస్ట్ ఆ చక్కెర మీద పడుతుంది. నాలుగైదు రోజుల్లో తీపి దాదాపు మొత్తం ఆల్కహాల్‌గా, గ్యాస్‌గా మారిపోతుంది. మిగిలేది మామిడి వాసన, కాస్త పులుపు. గుజ్జులో చక్కెర వోర్ట్‌లో కంటే తక్కువేమీ ఉండదు కాబట్టి కిక్కు తగ్గే సమస్యే లేదు. "మామిడి బీరన్నారు, తియ్యగా లేదు, డబ్బులు దండగ" అని గ్లాసు పక్కనపెట్టేవాళ్లను చూస్తే నాకు పాపమనిపిస్తుంది. వాళ్ల చేతిలో ఉన్నదే అసలు సరుకు. తీపి పెదాలకు అంటుకుంటూ, దాని కింద బీరు రుచి విడిగా తెలుస్తుంటేనే అనుమానించాలి.

దీనికి తోడు ఇంకోటి: వీట్ (గోధుమ) బీరులో అరటిపండు వాసన వస్తే ఎసెన్స్ వేశారని. జర్మన్ పద్ధతి వీట్ బీరుకు వాడే ఈస్టే ఆ వాసన పుట్టిస్తుంది, లవంగం వాసన కూడా. ట్యాంకు కాస్త వేడిగా ఉంచితే అరటిపండు పెరుగుతుంది, చల్లగా ఉంచితే లవంగం పైకొస్తుంది. అరటిపండు ముక్క కూడా వేయం.

అపోహ: చింతపండు, ఉప్పు, ధనియాలు... ఇదంతా ఇన్‌స్టా కోసం చేసే వేషాలు.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో గోజె అనే బీరుంది. అందులో పడేవే ఉప్పు, ధనియాలు, పులుపు. కొన్ని వందల ఏళ్ల పాతది. బెల్జియంలో విట్‌బియర్ అనే గోధుమ బీరుకు ధనియాలు, నారింజ తొక్క తప్పనిసరి. ఆ రకం మూతపడిపోతే హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్లీ బతికించాడు. పోపుల డబ్బా బీరులోకి రావడం మనం కనిపెట్టింది కాదన్నమాట.

పులుపు ఎలా వస్తుందో చెబితే సగం అనుమానాలు తీరతాయి. వోర్ట్‌ను 40 డిగ్రీల దగ్గర ఉంచి లాక్టోబాసిల్లస్ వేస్తాం, మన పెరుగు తోడుకునేదీ ఈ జాతి బ్యాక్టీరియాతోనే. గంటగంటకూ కాకపోయినా తరచూ పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) చూస్తుండాలి. 3.4 దగ్గరికి రాగానే మరిగించి బ్యాక్టీరియాను చంపేయాలి. ఆ తర్వాతే ఈస్ట్. ఆలస్యమైతే నోట్లో పెట్టుకోలేం, తొందరపడితే చప్పగా ఉంటుంది. చింతపండు చివర్లో, ఉప్పు ఇంకా చివర్లో. ఉప్పు ఉన్నట్టు తెలియకూడదు, తీసేస్తే మాత్రం ఏదో తగ్గినట్టు తెలియాలి.

మిరపకాయ బీరు విషయంలో మాత్రం మీ అనుమానం చాలాసార్లు నిజం. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకని ట్యాంకులో ఉన్నకొద్దీ కారం ఎక్కుతూనే ఉంటుంది. గింజలు తీసేసి, వేయించి, వాసన వరకు తీసుకుని కాయలు బయటికి లాగేయాలి. అంత ఓపిక లేనిచోట మొదటి గుక్క సరదాగా ఉంటుంది, రెండో గుక్కకు నీళ్లు అడుగుతారు. కాఫీ వేసే స్టౌట్‌కూ (నల్ల బీరు) ఇలాంటి నియమమే. అరకు కాఫీ పొడిని పులియడమంతా అయ్యాక చల్లటి బీరులో నానబెడితే వాసన నిలుస్తుంది, వేడివేడి డికాక్షన్ పోస్తే చేదు మిగులుతుంది.

అపోహ: బార్లీ లేకపోతే అది బీరే కాదు. జొన్న బీరు పేదవాడి బీరు.

నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ దిగుమతి నిషేధించింది. అక్కడి పెద్ద కంపెనీలు మూతపడలేదు, జొన్నలకు మారాయి. అక్కడ తయారయ్యే గిన్నిస్ అనే నల్ల బీరులోనూ జొన్న పడుతుంది. జొన్నతో కష్టమల్లా దాని పిండి పదార్థం బార్లీ కంటే ఎక్కువ వేడి దగ్గరే మెత్తబడుతుంది. కాబట్టి ముందు సంకటిలా ఉడికించుకుని, చల్లార్చి, బార్లీ మాల్ట్‌లో కలపాలి. మాల్ట్‌లోని ఎంజైములు దాన్ని చక్కెరగా విడగొడతాయి. రాగి, బియ్యం కూడా ఇంతే. బెంగళూరులో టాయిట్ అనే మైక్రోబ్రూవరీలో బాస్మతి బ్లాండ్ అనే బీరుంది, పేరు బట్టే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: బోర్డు మీద "మిల్లెట్ బీర్" అని ఉన్నంతమాత్రాన గ్లూటెన్ లేదని కాదు. చాలావాటిలో బార్లీ కలిసే ఉంటుంది. సీలియాక్ (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్లు అడగకుండా తాగొద్దు.

అపోహ: మా ఫ్రెండ్ చూపించాడు, సీసా తిరగేస్తే గ్లిజరిన్ కారుతుంది.

ఇది వైన్స్ పక్కన పర్మిట్ రూముల్లో పుట్టి మా దాకా వచ్చింది. "మీ దగ్గర గ్లిజరిన్ ఉండదు కదా, అందుకే వస్తాం" అంటారు. మా బీరును మెచ్చుకుంటున్నా ఒప్పుకోలేను. నీళ్ల గ్లాసులో సీసా మూతి ముంచితే తీగల్లా కిందికి దిగేది బీరే. పులియకుండా మిగిలిన పిండి చక్కెరల వల్ల బీరు నీళ్ల కంటే కాస్త బరువు, అందుకే అడుగుకు జారుతుంది, ఆ మేరకు నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి. కూల్‌డ్రింక్ సీసాతో చేసి చూడండి, అవే తీగలు. పులిసేటప్పుడు ఈస్ట్ కొద్దిగా గ్లిజరిన్ తనంతట తానే తయారుచేస్తుంది, వైన్‌లోనూ ఉంటుంది. అది ఇలా కంటికి కనబడేది కాదు. ఈ ప్రయోగంతో మీరు సాధించేది ఒక్కటే, డబ్బులిచ్చి కొన్న బీరులో నీళ్లు కలుపుకోవడం.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనేది కూడా అంతే. రంగు వేయించిన మాల్ట్‌ది. గిన్నిస్ డ్రాట్ 4.2 శాతమే. వైన్స్‌లో దొరికే బంగారు రంగు స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉండొచ్చు.

అపోహ: నురగ పోసి క్వాంటిటీ తగ్గిస్తారు.

రెండు వేళ్ల నురగ ఉండాలి. వాసనను పట్టి ఉంచేది అదే, పైగా నురగ లేకుండా పోస్తే ఆ గ్యాసంతా మీ కడుపులోకే. సగం గ్లాసు నురగైతే నిరభ్యంతరంగా వెనక్కి పంపండి. పోసిన నిమిషానికే నురగ మాయమైతే మాత్రం గ్లాసుకు సబ్బో జిడ్డో అంటి ఉంటుంది, లేదా మీరు చికెన్ 65 తిన్న మూతి తుడుచుకోలేదు. నూనె తగిలితే నురగ నిలవదు.

అపోహ: బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి, ఒంటికి చలువ.

కరగవు. మూత్రం ఎక్కువొస్తుంది, చిన్న రాయి ఎలాగూ దానంతటది పోయేదే, ఆ పని మంచినీళ్లూ చేస్తాయి. బీరులోని ప్యూరిన్ల వల్ల యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, ఆ రకం రాళ్లున్నవాళ్లకు ఇంకా చేటు. మే నెల ఎండలో చల్లగా గొంతు దిగినంతసేపే చలువ, ఆ తర్వాత ఒంట్లో నీరు తగ్గుతుంది. రాయి ఉందంటే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి గానీ మా దగ్గరికి కాదు.

అపోహ: ఫ్రెష్ బీరు, కెమికల్స్ లేవు. ఒక మగ్గు తాగి బండి నడపొచ్చు.

హ్యాంగోవర్ తెచ్చేది ప్రధానంగా ఆల్కహాలే, అది ఫ్రెష్ బీరులోనూ అదే ఆల్కహాల్. లెక్క చూడండి. 500 ఎం.ఎల్. గ్లాసు, 5 శాతం: 25 ఎం.ఎల్. ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ 60 ఎం.ఎల్. పెగ్గులో ఉండేదీ దాదాపు 25 ఎం.ఎల్.లే. చట్టం ఒప్పుకునేది 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు. అరలీటరు మగ్గు గబగబా తాగితే 70 కిలోల మనిషి కూడా ఆ గీత దాటొచ్చు. "బీరే కదా సార్" అంటే ఊదించేవాళ్లు వినరు. టూవీలర్ ఇంట్లో పెట్టి రండి.

ఇక కొత్త చోటికి వెళ్లినప్పుడు అందరూ చింతపండు, మిరపకాయల దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు మామూలు వీట్ బీరో లాగరో (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు) చిన్న గ్లాసు అడుగుతాను. వాటిలో దాచుకోవడానికి ఏమీ ఉండదు. సినిమా హాలు పాప్‌కార్న్ మీది వెన్నలాంటి వాసనొస్తే పులియడం పూర్తికాకముందే చల్లార్చారు, లేదా పైపులు శుభ్రంగా లేవు. పచ్చి యాపిల్ వాసనొస్తే ట్యాంకు తొందరపడి తెరిచారు. లాగర్ తయారవడానికి మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది, ఎప్పుడు మొదలుపెట్టారో అడిగితే చెప్పాలి. అది బాగుంటేనే చింతపండు బీరు తెప్పించుకోండి, లేదంటే బిల్లు అడగండి.