విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణాలు: చరిత్ర చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

విమాన భాగాల తయారీలో నాణ్యతా విభాగంలో పనిచేసేవారి నోట ఏఎస్ 9100 పేరు రోజూ వినిపిస్తుంది. విమాన, అంతరిక్ష, రక్షణ రంగాల తయారీదారులు పాటించే నాణ్యతా నిర్వహణ ప్రమాణమిది. అది ఎలా పుట్టిందని అడిగితే మాత్రం చాలామంది చరిత్రను తలకిందులుగా చెబుతారు. ఏ నిబంధన ఎందుకు వచ్చిందో తెలియనివారు దానిని ఆడిట్ కోసమే పాటిస్తారన్నది ఇన్నేళ్ల పనిలో నేను గమనించిన విషయం.

అపోహ: అన్ని పరిశ్రమలకూ వర్తించే అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 9001 ముందు పుట్టింది, విమాన పరిశ్రమ దానిని అరువు తెచ్చుకుంది.

వాస్తవం: ఇందులో సగమే నిజం. అమెరికా రక్షణ కొనుగోళ్ల కోసం 1959లో మిల్-క్యూ-9858 అనే ప్రమాణం వెలువడింది. తయారైన వస్తువును చివర్లో పరీక్షించి మంచిచెడ్డలు వేరుచేస్తే సరిపోదని, డ్రాయింగుల మార్పులు, ముడిసరుకు కొనుగోలు, కొలత పరికరాలు, దిద్దుబాటు చర్యలతో సహా పని జరిగే తీరునంతా తయారీదారు అదుపులో ఉంచుకోవాలని అది కోరింది. అదే ఆలోచన నాటో సైనిక కూటమి నాణ్యతా ప్రమాణాలైన ఏక్యూఏపీల్లోకి, బ్రిటన్ రక్షణ ప్రమాణాల్లోకి, 1979లో బ్రిటిష్ జాతీయ ప్రమాణం బీఎస్ 5750లోకి, చివరికి 1987లో ఐఎస్ఓ 9001 ఉన్న ఐఎస్ఓ 9000 శ్రేణిలోకి చేరింది. 1994లో అమెరికా రక్షణ మంత్రి విలియం పెర్రీ, వీలైనచోటల్లా సైనిక ప్రమాణాల బదులు వాణిజ్య ప్రమాణాలు వాడాలని ఆదేశించారు. 1996లో పాత ప్రమాణపు సవరించిన రూపం మిల్-క్యూ-9858ఏ రద్దయింది. ఆ విధంగా రక్షణ రంగంలో పుట్టిన ఆలోచన లోకమంతా తిరిగి, ఐఎస్ఓ పేరుతో పుట్టింటికే వచ్చింది. అయితే అన్ని పరిశ్రమలకూ సరిపోయేలా సాధారణీకరించిన ఆ రూపం విమాన తయారీకి చాలలేదు. అందుకే దానికి విమాన పరిశ్రమ అవసరాలు చేర్చి 1997లో ఏఎస్ 9000, 1999లో ఏఎస్ 9100 వచ్చాయి.

అపోహ: ఏఎస్ 9100 ప్రభుత్వాలు చేసిన చట్టం.

వాస్తవం: కాదు. ఒక్కో పెద్ద తయారీ సంస్థ ఒక్కో నిబంధనావళి పెట్టడంతో సరఫరాదారులు ఒకే పనికి పలు ఆడిట్లు ఎదుర్కొనేవారు. ఆ చిక్కు విప్పడానికి పరిశ్రమే 1998లో ఐఏక్యూజీ అనే అంతర్జాతీయ బృందాన్ని ఏర్పరచుకుంది. అమెరికాలో ఎఫ్ఏఏ, ఐరోపాలో ఈఏఎస్ఏ వంటి విమానయాన నియంత్రణ సంస్థలు ఇచ్చే ఉత్పత్తి అనుమతులు వేరు. ఏఎస్ 9100 సర్టిఫికెట్ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

అపోహ: చివరి తనిఖీ గట్టిగా ఉంటే లోపమున్న భాగం బయటికి వెళ్లదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే అపోహ ఇది. అధిక బలమున్న ఉక్కు బోల్టుకు తుప్పు పట్టకుండా కాడ్మియం లోహపు పూత (ప్లేటింగు) వేసేటప్పుడు లోహంలోకి హైడ్రోజన్ చొరబడుతుంది. ప్లేటింగు అయిన కొద్ది గంటల్లోనే బోల్టును ఓవెన్‌లో పెట్టి, నిర్దేశించిన ఉష్ణోగ్రతలో చాలినంతసేపు ఉంచితేనే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. ఆ పని ఆలస్యమైతే బోల్టు కొలతలు సరిగ్గానే ఉంటాయి, మెరుపూ తగ్గదు, తనిఖీలో నెగ్గుతుంది. బిగించి భారం మోపిన తర్వాత మాత్రం ఉన్నట్టుండి విరిగిపోవచ్చు. మైక్రోమీటరు వంటి కొలత పరికరానికి అందని ఈ లోపాన్ని ఆపేది ఓవెన్ రికార్డు, అందులోని సమయాలు మాత్రమే. ఉష్ణచికిత్స, ప్లేటింగు, వెల్డింగు వంటి ప్రత్యేక ప్రక్రియలను విడిగా ఆడిట్ చేసే నాడ్‌క్యాప్ కార్యక్రమం 1990లో మొదలైంది.

అపోహ: మొదటి భాగం తనిఖీ, అంటే ఎఫ్ఏఐ, కాగితాలు నింపే తంతు.

వాస్తవం: ఈ తనిఖీకి ఉన్న ప్రమాణం ఏఎస్ 9102 ప్రకారం డ్రాయింగులోని ప్రతి కొలతకూ, ప్రతి సూచనకూ సున్నా చుట్టిన వరుస నంబరు (బెలూన్ నంబరు) వేసి, కొలిచినప్పుడు వచ్చిన అసలు విలువను దాని ఎదుట రాయాలి. ఉత్పత్తి రెండేళ్లు ఆగి మళ్లీ మొదలైతే, ఆ విరామం ప్రభావం చూపగల అంశాలను తిరిగి పరీక్షించాలి. ఒకసారి నేను చూసిన బ్రాకెట్ల ఎఫ్ఏఐలో కొలతలన్నీ సరిపోయాయి. కానీ ముడిసరుకు సర్టిఫికెట్‌లోని హీట్ నంబరుకూ (లోహం ఏ కరిగింపు విడతలోదో చెప్పే సంఖ్య), పని వివరాలుండే జాబ్ కార్డు మీద రాసిన నంబరుకూ ఒక్క అంకె తేడా ఉంది. బ్యాచ్ మొత్తాన్ని పక్కన పెట్టి, ఆ లోహం ఎక్కడిదో నిర్ధారించుకున్నాకే పని ముందుకు సాగింది.

అపోహ: ఐఎస్ఓ 9001కు నాలుగు మాటలు చేర్చినదే ఏఎస్ 9100.

వాస్తవం: 2016 నాటి డి సవరణలో ఐఎస్ఓ పాఠం యథాతథంగా ఉంటుంది, విమాన పరిశ్రమ చేర్చిన వాక్యాలు మాత్రం మందంగా, వాలుగా ఉన్న అక్షరాల్లో కనిపిస్తాయి. కొత్తగా చేరినవారికి ముందు ఆ అక్షరాలే చదవమని చెబుతాను. కాన్ఫిగరేషన్ నిర్వహణ (ఏ భాగం ఏ డ్రాయింగు రూపం ప్రకారం తయారైందో అదుపులో ఉంచడం), ఉత్పత్తి భద్రత, నకిలీ భాగాల నివారణ, ఎఫ్ఏఐ అన్నీ అక్కడే ఉన్నాయి.