శాసనం కింద బంగారం లేదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: శాసనం ఉన్నచోట గుప్తనిధి ఉంటుంది.

లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో శాసనం చదవడానికి ఎక్కడికి వెళ్లినా ముందు వినిపించేది ఇదే: "సారూ, బంగారం యాడుందని రాసిండ్రు?" రాతి పైన సూర్యుడు, చంద్రుడు, లింగం, నంది కనిపిస్తే చాలు, అవి నిధికి గుర్తులని ఎవడో పుకారు లేపుతాడు. అమావాస్య నాటికి గడ్డపారలు దిగుతాయి. ఆ సూర్యచంద్రులు చెప్పేది, దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం సాగాలని, అంతే. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి, వాళ్ల సామంతులైన రేచర్ల రెడ్ల శాసనాలున్నాయి, వెళ్లి చూడండి. గుడి కట్టించారు, చెరువు తవ్వించారు, దేవుడికి భూమి ఇచ్చారు. దానం చేసిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడనే శాపం చాలా శాసనాల చివర ఉంటుంది. కొన్నిటిలో "నిధి నిక్షేపాలతో సహా" అని కూడా ఉంటుంది. నీళ్లు, రాళ్లతో పాటు ఆ భూమి మీద ఇచ్చే హక్కుల్లో అదీ ఒకటి. అక్కడ ఏదో పాతిపెట్టారని కాదు.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఇలాగే తవ్వి రాయిని పగలగొట్టారు. రాజు పేరు మిగిలింది, శక సంవత్సరం ఉన్న వరుస పెచ్చులై రాలిపోయింది. ఆ ఊరి చెరువు ఎప్పటిదో చెప్పే ఆధారం అదొక్కటే. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

అపోహ: శాసనం దొరికిందని చెబితే పొలం పోతుంది.

అచ్చంపేట దగ్గర ఒక రైతు ఈ టెన్షన్‌తోనే రాయిని గడ్డివాము కింద దాచాడు. ఉన్న కాస్త చెలక పోతుందంటే ఎవరికైనా భయమే. కానీ రాయి దొరికినంత మాత్రాన భూమి సర్కారుది అయిపోదు. ఆ చోటును రక్షిత స్థలం చేయాలంటే విడిగా నోటిఫికేషన్ రావాలి. నాణేలో, బంగారమో దొరికితే మాత్రం దాచొద్దు. 1878 నాటి చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. శాసనానికి సున్నం, రంగు వేయకండి. పొద్దున ఏటవాలు ఎండలో ఫొటో తీయండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి.

అపోహ: రాతి మీద ఉన్నదంతా నిజమే.

రాజు పొగడ్తలను పొగడ్తలుగానే చదవండి. తేదీలు, పొలం హద్దులు ఎక్కువ పనికొస్తాయి.

అపోహ: నిజాం కాలం కాగితాలు మనకు అందవు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. వాటి మీద ఉండే ఫసలీ సంవత్సరానికి (అది నిజాం కాలం రెవెన్యూ లెక్క) 590 కలిపితే దాదాపు ఇప్పటి ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉందో కూడా చూసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పేరున్న కడవెండి కాగితాల కోసం వరంగల్ ఫైళ్లు తిరగేసి అలసిపోవద్దు. 1946 జూలై 4న అక్కడ ఆ పోరాటంలో దొడ్డి కొమరయ్య అమరుడైన నాటికి ఆ ఊరు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది, ఆ పేరు మీదే అడగండి.