క్యాంపెయిన్ ఎన్ని సెషన్లు సాగాలి? అపోహలు - వాస్తవాలు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వహిస్తూ కలిసి కథ నడిపే ఆటల్లో, ఒకే కథాప్రపంచంలో, అవే పాత్రలతో, వరుస సెషన్లుగా (ఒకసారి కూర్చుని ఆడేది ఒక సెషన్) సాగే ఆటను క్యాంపెయిన్ అంటాం. గేమ్ మాస్టరుగా, అంటే కథను, నియమాలను నడిపించే వ్యక్తిగా, నేను మొదలుపెట్టిన క్యాంపెయిన్లలో ముగింపు చూసినవాటి కన్నా మధ్యలో ఆగిపోయినవే ఎక్కువ. వెనక్కి తిరిగి చూసుకుంటే వాటిలో కథ బాగోలేక ఆగినవి కొన్నే. ఎన్నాళ్లు ఆడబోతున్నామో ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల ఆగినవే అధికం. కింద చెప్పే అపోహల్లో చాలావాటిని కొంతకాలం నేనూ నమ్మాను.

అపోహ: ఏళ్ల తరబడి సాగితేనే అది అసలైన క్యాంపెయిన్.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడిన నాటి నుంచీ ఆటగాళ్లలో సుదీర్ఘమైన ఆటకు ఒక గౌరవం ఉంది. కెనడాలో ఒక చరిత్ర ఆచార్యుడు 1982లో మొదలుపెట్టిన ఆటను దశాబ్దాల పాటు నడుపుతూ వచ్చారని విన్నప్పుడు ఆ గౌరవం న్యాయమే అనిపిస్తుంది. కానీ అదే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్‌లో గేమ్ మాస్టరుకు ఏం సూచించిందో చూడండి. సెషన్ల లెక్కన లెవెల్ (పాత్ర బలాన్ని చూపే మెట్టు) పెంచదలిస్తే, మొదటి సెషన్ తర్వాత రెండో లెవెల్, మరో సెషన్‌కు మూడోది, ఇంకో రెండు సెషన్లకు నాలుగోది, ఆపైన ఒక్కో లెవెల్‌కు రెండు లేదా మూడు సెషన్లు. కూడి చూస్తే ఇరవయ్యో లెవెల్, అంటే చివరి మెట్టు, 36 నుంచి 52 సెషన్లలో అందుతుంది. వారం తప్పకుండా ఆడేవారికి అది ఏడాదిలోపు పని.

నిడివిని నిర్ణయించేది చాలావరకు ఎంచుకున్న ఆట స్వభావమే. 2009లో వచ్చిన ఫియాస్కో గేమ్ మాస్టరు లేకుండా ఒకే పూటలో కథ ముగిసేలా రూపొందింది. దానిని ఆరు నెలలు సాగదీస్తే మిగిలేది నీరసమే. ఇందుకు పూర్తి విరుద్ధంగా గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించిన పెన్‌డ్రాగన్‌లో ఒక సెషన్‌కు కథలో ఒక సంవత్సరం గడుస్తుంది. ఏటా శీతాకాలంలో వీరుడి ఎస్టేటు, పెళ్లి, పిల్లలు, వృద్ధాప్యం లెక్కకు వస్తాయి. తండ్రి పాత్ర మరణించాక కొడుకు పాత్రతో ఆట కొనసాగించాలంటే అంత కాలం ఆడక తప్పదు.

అపోహ: క్యాంపెయిన్ ఆగిపోయిందంటే కథలో పట్టు లేదన్నమాట.

ఈ మాట నమ్మి ఎందరో గేమ్ మాస్టర్లు అనవసరంగా తమను తాము నిందించుకుంటారు. నిజానికి క్యాంపెయిన్‌ను ఆపేది ఎక్కువగా క్యాలెండరే. గేమ్ మాస్టరుతో కలిపి ఆరుగురున్న బృందంలో ప్రతి ఒక్కరూ పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పక వచ్చేవారే అనుకుందాం. అంతటి నమ్మకస్తులైనా ఆరుగురూ ఒకేసారి కలిసే అవకాశం 53 శాతమే. అందరూ ఉంటేనే ఆడాలన్న నియమం పెట్టుకుని రెండు వారాలకొకసారి కలిస్తే, ఏడాదికి 26 తేదీల్లో దాదాపు 14 మాత్రమే మిగులుతాయి. పైన చెప్పిన 52 సెషన్లు పూర్తి కావడానికి నాలుగేళ్లకు దగ్గర పడుతుంది. గేమ్ మాస్టరు కాక మిగిలిన అయిదుగురిలో ఒకరు రాకపోయినా ఆట ఆగదన్న చిన్న సడలింపు ఇచ్చి చూడండి, అవకాశం దాదాపు 83 శాతానికి పెరుగుతుంది, అదే దూరం రెండున్నరేళ్లలోపే ముగుస్తుంది.

రానివారి పాత్రను ఏం చేయాలన్న ప్రశ్నకు నేను పెద్ద కథలేమీ అల్లను. ఆ పాత్ర గుర్రాలకు కాపలా ఉందంటే చాలు, ఎవరూ ఆక్షేపించరు. అయితే ప్రతి సెషన్‌ను వీలైనంతవరకు ఒక చోటికి తెచ్చి ఆపాలి. చీకటి సొరంగం మధ్యలో కత్తులు దూసిన క్షణంలో ఆపేసి, నెల తర్వాత వేరే ఇద్దరితో మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు.

అపోహ: చిన్న క్యాంపెయిన్‌లో పాత్రలు ఎదగవు.

పాత్రను ఎదిగించేది సెషన్ల సంఖ్య కాదు, వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు. ఎనిమిది సెషన్ల ఆటలో మూడోదానికే ఆటగాడు తన గురువును ఎదిరించాల్సి వస్తే, అరవై సెషన్ల ఆటలో ఆ గురువు ప్రస్తావన నలభయ్యోదాకా రాకపోవచ్చు.

అపోహ: వేగం అంటే ఎక్కువ పోరాటాలు, తక్కువ మాటలు.

ఆట మందగించడానికి కారణాలు వేరు. అయిదో ఎడిషన్ 2014 నాటి నియమాలు రెండు సుదీర్ఘ విశ్రాంతుల (పాత్రలు ఖర్చయిన శక్తిని, మంత్రాలను తిరిగి పొందే విరామాల) మధ్య ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాలను ఊహించుకుని లెక్కలు కట్టాయి. సెషన్‌కు రెండు పోరాటాలు మించని బృందంలో ఆ లెక్కను అక్షరాలా పాటిస్తే కథలోని ఒక్క రోజు మూడు నాలుగు సెషన్లు పడుతుంది. పాటించకుండా రోజుకొక్క పోరాటం పెడితే, మాంత్రికుడు తన మంత్రాలన్నీ ఆ ఒక్కదానిలోనే ధారపోస్తాడు, కత్తి పట్టినవాడు చూస్తూ నిలబడతాడు. ఈ చిక్కుకు అదే ఎడిషన్‌లో ఒక ఐచ్ఛిక నియమం ఉంది: చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, సుదీర్ఘ విశ్రాంతి ఏడు రోజులు. రాజసభలు, ప్రయాణాలు ఎక్కువగా ఉండే ఆటలకు నేను దీనినే సిఫారసు చేస్తాను, ఎందుకంటే పోరాటాల మధ్య వారాలు గడిచినా నియమాల సమతూకం చెడదు.

రెండో కారణం ప్రణాళికలు. కోటలోకి ఎలా చొరబడాలని ఆటగాళ్లు రెండు గంటలు చర్చించుకుని, కోట గుమ్మం తొక్కకుండానే ఇంటికి వెళ్లిన సెషన్లు నా ఖాతాలో ఉన్నాయి. జాన్ హార్పర్ రూపొందించిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ దీనిని సూటిగా పరిష్కరిస్తుంది. పథకం ఏ రకమైనదో, అందులోని ఒక కీలక వివరమేమిటో చెబితే చాలు, పాచికలు వేసి నేరుగా చర్యలోకి దూకుతారు. ముందే చేసి ఉండవలసిన ఏర్పాట్లను ఫ్లాష్‌బ్యాక్‌గా తర్వాత చూపించుకుంటారు, అవసరమైతే అందుకు పాత్ర ఒత్తిడి రూపంలో మూల్యం చెల్లిస్తుంది. ఈ పద్ధతిని ఇతర ఆటల్లోకి అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వేగం తగ్గవలసిన చోట్లూ ఉంటాయి. ఒక పాత్ర చనిపోయిన తర్వాతి అరగంటలో ఎవరూ మాట్లాడకపోతే తొందరపెట్టకండి, అది జాప్యం కాదు.

అపోహ: తెర మీద చూసే ఆటలే మనకు కొలమానం.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ ప్రేక్షకులకు చూపించే క్రిటికల్ రోల్ అనే వెబ్ షోలో మొదటి క్యాంపెయిన్ 115 ఎపిసోడ్లు, రెండోది 141 ఎపిసోడ్లు. ఆడేవారు వృత్తిరీత్యా నటులు, ఆ ఆట వారి ఉద్యోగంలో భాగం. పోలిక ఇక్కడితో ఆపవచ్చు.

అపోహ: ముగింపు ముందే చెబితే ఆటగాళ్ల స్వేచ్ఛ పోతుంది.

ముగింపు ఎప్పుడో చెప్పడం వేరు, ఏమిటో చెప్పడం వేరు. ఏవరీ ఆల్డర్ రూపొందించిన ద క్వయెట్ ఇయర్‌లో పేకముక్కలే కాలాన్ని కొలుస్తాయి, ముక్కకొక వారం. శీతాకాలపు ముక్కల్లో ఇస్పేటు రాజు ఎప్పుడు బయటపడితే అప్పుడే ఆట ముగుస్తుంది. అంతం చలికాలంలో ఉందని అందరికీ తెలుసు, ఏ వారమో తెలియదు. ఆ కొద్దిపాటి అనిశ్చితి వల్లనే ఆటగాళ్లు మిగిలిన వారాలను పొదుపుగా ఖర్చు చేస్తారు.

నేను ఇప్పుడు కొత్త బృందానికి పది సెషన్లు అని ముందే చెబుతాను. ఎనిమిదోదాని చివర కొనసాగిద్దామా అని అడుగుతాను. కొనసాగిద్దామన్నా సరే, పదోదానికి మొదటి కథను మూసేసి, కొంత విరామం తర్వాతే రెండోది తెరుస్తాను. తొమ్మిదో సెషన్ నుంచి కొత్త చిక్కుముడి ఒక్కటీ వేయను. చివరి సెషన్‌లో ఆఖరి అరగంట పాచికలు పక్కన పెట్టి, ప్రతి ఆటగాడినీ తన పాత్ర పదేళ్ల తర్వాత ఎక్కడుంటుందో చెప్పమంటాను.