సర్వీస్ అవర్స్ గొడవ వెనక ఒక మిషిగన్ షరతు

స్వచ్ఛంద సేవకు ఫెడరల్ ప్రభుత్వం తరఫున ఇచ్చే ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు 2025లో ఆగిపోయినప్పటి నుంచి అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఇదే చర్చ. పిల్లలు ఇన్నాళ్ళూ కూడబెట్టిన గంటల మాటేమిటి? 2003లో మొదలైన ఈ అవార్డులో 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు గోల్డ్ రావాలంటే ఏడాదికి 250 గంటలు కావాలి. కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తుందని ఆ లెక్క పిల్లల కంటే తల్లిదండ్రులే జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళ టెన్షన్ అంతా సర్టిఫికెట్ గురించే. ఆ గంటల్లో పిల్లలు నేర్చుకున్నదేమిటన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించడం లేదు.

సేవను గంటల్లో కొలిచే పద్ధతి స్కూళ్ళ నుంచి వచ్చింది. మేరీలాండ్ 1992లో హైస్కూల్ పూర్తిచేయడానికి 75 గంటల సేవ తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ స్కూళ్ళు 60 గంటలు పెడితే, ఇది వెట్టిచాకిరీయేనని, రాజ్యాంగం 13వ సవరణకు విరుద్ధమని కొన్ని కుటుంబాలు కోర్టుకెక్కాయి. 1993లో అప్పీల్ కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. తప్పనిసరి చేయకపోతే సేవ జోలికే రాని పిల్లలు చాలామంది ఉంటారన్నది గంటల పద్ధతిని సమర్థించేవారి మాట. అందులో నిజం ఉంది.

అయితే సరిగ్గా అదే కాలంలో మిషిగన్‌లో ఇంకో దారి తెరుచుకుంది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

కార్న్‌ఫ్లేక్స్ డబ్బుతో బాటిల్ క్రీక్‌లో 1930లో ఏర్పడిన కెల్లాగ్ ఫౌండేషన్‌కు అప్పట్లో రస్సెల్ మాబీ అధిపతి. పండ్ల తోటల్లో పెరిగి, పల్లె పిల్లల 4-హెచ్ క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. రాష్ట్రంలో ప్రతి ప్రాంతానికీ ఒక కమ్యూనిటీ ఫౌండేషన్, అంటే స్థానికుల విరాళాలను నిధిగా పెట్టి ఆ ప్రాంతానికే ఖర్చుచేసే సంస్థ, అందుబాటులో ఉండాలని అక్కడి ఫౌండేషన్ల సంఘం కౌన్సిల్ ఆఫ్ మిషిగన్ ఫౌండేషన్స్ ప్రయత్నిస్తున్న రోజులవి. ఊరివాళ్ళు రెండు డాలర్లు పోగుచేస్తే మేమొక డాలర్ కలుపుతాం, ఒక్కో ఫౌండేషన్‌కు పది లక్షల డాలర్ల దాకా ఇస్తాం అని కెల్లాగ్ ముందుకొచ్చింది. దానికో షరతు పెట్టింది. తాము ఇచ్చే డబ్బు యువత కోసం శాశ్వత నిధిగా ఉండాలి, దాన్ని ఎవరికివ్వాలో 12 నుంచి 21 ఏళ్ళ వాళ్ళతో ఏర్పడిన సలహా మండలి చెప్పాలి. పెద్దలకు ఆ డబ్బు కావాలి, కాబట్టి పిల్లలను గదిలోకి రానిచ్చారు. షరతు లేకుండా ఆ తలుపు అంత త్వరగా తెరుచుకునేది కాదనే నా నమ్మకం. రాష్ట్రమంతటా 80కి పైగా మండళ్ళు ఏర్పడ్డాయి.

అసలు నిధి ముట్టుకోరు, దాని మీద వచ్చే రాబడే పంచుతారు. పది లక్షల నిధి మీద అయిదు శాతం అంటే ఏడాదికి యాభై వేల డాలర్లు. మండలిలోని పిల్లలు ముందు తమ కౌంటీలోని తోటి పిల్లలను సర్వే చేసి ఏది పెద్ద సమస్యో తెలుసుకుంటారు. దరఖాస్తులు పిలుస్తారు, చదువుతారు, ఆ సంస్థల దగ్గరికి వెళ్ళి చూస్తారు. ఆ తర్వాత బల్ల చుట్టూ కూర్చుంటే అసలు కష్టం మొదలవుతుంది. శని, ఆదివారాల్లో ఇంట్లో తిండి లేని పిల్లల బ్యాగుల్లో ఆహారం పెట్టి పంపే పథకానికా, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ళ కౌన్సెలింగ్‌కా? రెండూ మంచివే, డబ్బు ఒకదానికే సరిపోతుంది. తాను సభ్యుడిగా ఉన్న క్లబ్బు దరఖాస్తు చర్చకొస్తే ఆ సంగతి ముందే చెప్పి ఓటుకు దూరంగా ఉండాలి. ఒక మంచి పనికి కాదని చెప్పి, ఎందుకు కాదన్నామో వివరించాల్సిన బాధ్యత పదిహేనేళ్ళ వయసులో మీద పడుతుంది. 250 గంటలు కుర్చీలు సర్దినా ఆ అనుభవం రాదు.

ఈ పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి. చివరి సంతకం పెద్దల బోర్డుదే. అప్పటికే చురుగ్గా ఉండే పిల్లలే మండళ్ళలో చేరతారన్న మాటా ఉంది. అయినా మిషిగన్ వెనక్కి తగ్గలేదు. 16, 17 ఏళ్ళ వాళ్ళు స్వచ్ఛంద సంస్థల బోర్డుల్లో సభ్యులుగా ఉండవచ్చని 1998లో చట్టాన్నే మార్చింది.

డెట్రాయిట్ చుట్టూ, నోవై, ట్రాయ్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నది ఈ రాష్ట్రంలోనే. మన సంఘాలు విరాళాలు సేకరిస్తాయి, స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి, సొంతూళ్ళలో కంటి శిబిరాలు పెడతాయి. పిల్లలు మాత్రం వడ్డన దగ్గర, పార్కింగ్ దగ్గర నిలబడి గంటలు రాయించుకుంటారు. ఏ ఊరికి ఎంత అన్న చర్చలో వాళ్ళు కనిపించరు. అవార్డు తిరిగి మొదలయ్యేలా చూడమని ఇప్పుడు సంఘాల మీద ఒత్తిడి తెస్తున్న తల్లిదండ్రులు ఈ రెండో విషయమూ అడగాలి. వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ నిధిలో కొంత పక్కన పెట్టి, దాన్ని ఎవరికివ్వాలో తేల్చే ఓటు హైస్కూల్ పిల్లలకు ఇవ్వడానికి ఏ కార్యవర్గానికీ ఫెడరల్ ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.