మలేరియా ఉన్నా జ్వరం ఎందుకు రాదు?

"రక్తపరీక్షలో మలేరియా తేలింది, ఒళ్లు మాత్రం చల్లగానే ఉంది. ఇదెలా?" అని ఒక పాఠకురాలి ప్రశ్న. హైదరాబాదులో అడగదగ్గ ప్రశ్నే. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ పరాన్నజీవిని పట్టుకున్నది మన బేగంపేటలోనే. బడి పాఠం అక్కడితో ఆగిపోతుంది, దోమ కుట్టాక మన ఒంట్లో జరిగేదాని ఊసెత్తదు.

పరాన్నజీవి ముందు కాలేయంలో పెరుగుతుంది, ఆ ఘట్టం వదిలేద్దాం. ఎర్ర రక్తకణాల్లో పెరిగిన ఫాల్సిపేరం (మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకం) సుమారు 48 గంటలకోసారి వాటిని పగలగొట్టుకుని బయటపడుతుంది. ఆ శిథిలాలను మింగిన డెండ్రైటిక్ కణాలు (రోగనిరోధక వ్యవస్థలో కాపలా కణాలు) ఇంటర్‌ల్యూకిన్-12 అనే సంకేత ప్రొటీన్ వదులుతాయి. అది సీడీ4 టీ కణానికి (మిగతా రక్షక కణాలను నడిపించే తెల్లకణానికి) తగిలితే లోపల స్టాట్4, ఆ వెనకే టీ-బెట్ అనే జన్యువులను ఆన్ చేసే ప్రొటీన్లు పనిలోకి దిగి ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఇంకో సంకేత ప్రొటీన్ తయారుచేయిస్తాయి. దాంతో మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే కణాలు) రెచ్చిపోయి పరాన్నజీవులను తింటాయి, టీఎన్ఎఫ్ అనే మంట పెంచే ప్రొటీన్ కూడా గుప్పిస్తాయి. వణుకూ జ్వరమూ చాలామటుకు ఆ టీఎన్ఎఫ్ పుణ్యమే.

ఇదంతా హద్దు దాటకుండా చూసేది ఇంటర్‌ల్యూకిన్-10 అనే మంట తగ్గించే ప్రొటీన్. తమాషా ఏమిటంటే దాన్ని కూడా చాలావరకు ఇంటర్‌ఫెరాన్-గామా చేసే టీ కణమే చేస్తుంది. కుక్కర్లో పప్పును ఉడికించేదీ, వెయిటును లేపి బయటికి పోయేదీ ఒకే ఆవిరి కదా, అలాగన్నమాట. మంట పెరిగి ఇంటర్‌ల్యూకిన్-27, టైప్-1 ఇంటర్‌ఫెరాన్లు అనే సంకేత ప్రొటీన్లు ఎక్కువైనప్పుడు అదే కణంలో బ్లింప్-1 అనే జన్యు స్విచ్ లేచి ఇంటర్‌ల్యూకిన్-10 మొదలవుతుంది. అది స్టాట్3 అనే ప్రొటీన్ ద్వారా డెండ్రైటిక్ కణాల ఇంటర్‌ల్యూకిన్-12ను తగ్గిస్తుంది. అంటే పొయ్యి దగ్గరే సెగ తగ్గిందన్నమాట. వెయిటు పెట్టకపోతే పప్పు బద్దలుగానే మిగులుతుంది: ఆవిరి ముందే పోతే పరాన్నజీవి ఒంట్లో తిష్ఠ వేస్తుంది. గొట్టంలో బద్ద అడ్డుపడితే కుక్కర్ పేలుతుంది: ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకలకు ప్లాస్మోడియం చబౌడి (ఎలుకల మలేరియా పరాన్నజీవి) ఎక్కిస్తే జబ్బు ముదిరి ఎక్కువగా చచ్చాయి, టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే తేరుకున్నాయి.

కుక్కర్‌కు అనుభవం ఒంటబట్టదు, టీ కణాలకు పడుతుంది. ఉగాండాలో పదే పదే మలేరియా సోకే పిల్లల్లో ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-10 రెండింటినీ కలిపి చేసే కణాలు బాగా కనిపించాయి. పరాన్నజీవి ఉన్నా జ్వరం లేకపోవడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

ఇమ్యూనిటీ పెంచే కషాయాలు అమ్మేవాళ్లు ఏ ప్రొటీన్ పెంచుతారో, ఎప్పుడు పెంచుతారో చెప్పరు. పోనీ టీఎన్ఎఫ్‌ను తగ్గిస్తే మేలా? గాంబియాలో మెదడు మలేరియా పిల్లలకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూశారు (1996లో ఫలితాలు వచ్చాయి). జ్వరం త్వరగా తగ్గింది, మరణాలు తగ్గలేదు. బతికినవాళ్లలో నాడీ లోపాలు ఎక్కువగా మిగిలాయి.

ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-10 రెండూ ఒకే కణం చేస్తోందని తేల్చడానికి ఎలైసా (ద్రవంలో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) పనికిరాదు, అది ద్రవంలోని మొత్తమే చెబుతుంది. రక్తం నుంచి తెల్లకణాలు వేరుచేసి, పరాన్నజీవి సోకిన ఎర్రకణాల ముక్కలు కలపాలి. పోల్చడానికి సోకని ఎర్రకణాల ముక్కలతో ఇంకో గొట్టం తప్పనిసరి. చివరి కొన్ని గంటలు బ్రెఫెల్డిన్-ఏ (కణం ప్రొటీన్లను బయటికి పంపకుండా ఆపే మందు) వేస్తే ప్రొటీన్లు కణం లోపలే చిక్కుకుంటాయి. మొదట్లోనే వేస్తే స్పందనే దెబ్బతింటుంది, ఎక్కువసేపు ఉంచితే కణాలు చస్తాయి. తర్వాత కణాలను రసాయనంతో ఉన్నవున్నట్టు బిగించి (ఫిక్స్ చేసి), సాపోనిన్ అనే సబ్బులాంటి పదార్థంతో కణపు పొరకు రంధ్రాలు చేసి, రంగు కట్టిన యాంటీబాడీలు పంపి ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణాన్నీ లేజర్‌తో పరీక్షించే యంత్రంలో) చూడాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే: సాపోనిన్ రంధ్రాలు మళ్లీ మూసుకుంటాయి, కాబట్టి కడిగే ద్రవంలో కూడా అది ఉండి తీరాలి.