ఏ-లెవెల్ ఎకనామిక్స్: మన ఇళ్ళలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫామ్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. సిక్స్త్ ఫామ్ అంటే మన ఇంటర్ లాంటి రెండేళ్ళు, ఇయర్ 12, 13. వాటి చివర రాసేవే ఏ-లెవెల్ పరీక్షలు. ఇయర్ 11 (మన పదో తరగతి లాంటిది) పిల్లలు సబ్జెక్టులు ఎంచుకునే రోజుల్లో తెలిసిన తెలుగువాళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. వాటిలో సగం, మనం చదివిన ఇంటర్‌ని మనసులో పెట్టుకుని అడిగేవే.

అపోహ: సైన్స్ రానివాళ్ళు తీసుకునే సబ్జెక్టు

మనకు ఎంపీసీ, బైపీసీ తర్వాతే సీఈసీ. ఆ వరుసను విమానంలో వెంట తెచ్చుకున్నాం గానీ ఇక్కడ అసలు గ్రూపులే లేవు. పిల్లలు మామూలుగా మూడు సబ్జెక్టులు విడివిడిగా ఏరుకుంటారు. గణితం, ఫిజిక్స్‌తో కలిపి ఎకనామిక్స్ చదివేవాళ్ళూ, హిస్టరీతో కలిపి చదివేవాళ్ళూ ఒకే క్లాసులో కూర్చుంటారు. చేర్చుకోవడానికి చాలాచోట్ల జీసీఎస్‌ఈ (ఇయర్ 11 చివర రాసే పరీక్షలు) గణితంతో పాటు ఇంగ్లిష్‌లోనూ మంచి గ్రేడ్ అడుగుతారు. ఆ ఇంగ్లిష్ ఎందుకో పట్టించుకోకపోవడం వల్లే చాలామంది తర్వాత బోల్తా పడతారు.

అపోహ: థియరీయే కదా, బట్టీ పడితే 'ఏ' (A) గ్రేడ్ వచ్చేస్తుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డునే తీసుకోండి. మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 80 మార్కులు. మొదటి రెండు పేపర్లలోనూ 25 మార్కుల జవాబులు రెండేసి రాయాలి. అంటే 80లో 50 మార్కులు ఆ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి. ఉత్త నిర్వచనాలకు దక్కేది చాలా తక్కువ.

కూల్‌డ్రింకుల మీద చక్కెర పన్ను ఊబకాయాన్ని తగ్గించడానికి సరైన దారేనా అని ప్రశ్న వచ్చిందనుకుందాం. బట్టీ పట్టిన పిల్లవాడు మార్కెట్ ఫెయిల్యూర్ (మార్కెట్టుకే వదిలేస్తే సమాజానికి మేలు జరగని పరిస్థితి) అంటే ఏమిటో రాస్తాడు, సప్లై గీతను ఎడమవైపు జరిపి బొమ్మ గీస్తాడు, మూడు లాభాలు, మూడు నష్టాలు చెప్పి, 'మంచీ ఉంది, చెడూ ఉంది' అని ముగిస్తాడు. ఏదీ తప్పు కాదు. కానీ పై గ్రేడు మార్కులు మాత్రం రావు.

ఆలోచించే పిల్ల ఆ పన్ను ఎలా వేశారో చూస్తుంది. బ్రిటన్‌లో దాన్ని 2016 బడ్జెట్‌లో ప్రకటించి, 2018 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చారు. వంద మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 లోపయితే లీటరుకు 18 పెన్స్, 8 గానీ ఆ పైన గానీ ఉంటే 24 పెన్స్. ఇవి మొదట పెట్టిన రేట్లు. కట్టాల్సింది కొనేవాడు కాదు, తయారీదారు. మధ్యలో రెండేళ్ళు చిక్కేసరికి లూకోజేడ్, ఐర్న్-బ్రూ లాంటివి చక్కెర తగ్గించుకుని 5 గ్రాముల కిందికి దిగిపోయాయి. కోకకోలా తన పాత రకాన్ని మార్చకుండా పన్నుకే సిద్ధపడింది. అంటే బొమ్మలో మనం చూపించేది, ధర పెరిగి జనం కొనడం తగ్గించడం, జరిగిన దాంట్లో ఒక భాగమే. రెండో భాగం ఫ్యాక్టరీలోనే జరిగిపోయింది. ఇది పట్టుకున్న పిల్ల, 'అలాగైతే పన్ను ఎంత అన్నదానికన్నా హద్దు ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం' అని వాదిస్తుంది. చక్కెర కలపని పళ్ళరసాలకు పన్ను లేదనీ, ధర పెరిగితే తక్కువ ఆదాయం ఇళ్ళ మీద భారం ఎక్కువనీ గుర్తుచేస్తుంది. అయినా తన తీర్పు ఏమిటో, ఏ పరిస్థితిలో ఆ తీర్పు మారుతుందో చెబుతుంది. మేము ఇవాల్యుయేషన్ అని రోజూ మొత్తుకునేది దీని గురించే.

జీసీఎస్‌ఈలో అన్నీ 8లు, 9లు (9 అన్నిటికన్నా పై గ్రేడ్) తెచ్చుకున్న పిల్లలకి కూడా ఇయర్ 12లో మొదటి వ్యాసానికి సీ, డీ రావడం మామూలే. ఇంట్లో టెన్షన్, వెంటనే ట్యూషన్. ట్యూషన్ వద్దనను. మోడల్ జవాబులు చేతికిచ్చి కంఠస్థం చేయించే ట్యూషన్‌కి మాత్రం డబ్బు తగలేయకండి. పిల్లలు రాసినదాన్ని దగ్గర పెట్టుకుని దిద్ది, ఈ మాట నుంచి ఆ మాటకి ఎలా వచ్చావని నిలదీసే మనిషి కావాలి.

అపోహ: లెక్కలొస్తే చాలు (లేదా, లెక్కలతో పనే లేదు)

రెండూ వింటాను, ఒక్కోసారి ఒకే ఇంట్లో. 'మేడమ్, మావాడికి మ్యాథ్స్‌లో 9 వచ్చింది. ఎకనామిక్స్ నల్లేరు మీద నడకే కదండీ?' అని ఒక తండ్రి అడిగారు. మొత్తం మార్కుల్లో కనీసం 20 శాతం లెక్కల నైపుణ్యానికి ఉండాలన్నది నిబంధన. అదీ జీసీఎస్‌ఈ స్థాయిలోనే: శాతాలు, ఇండెక్స్ నంబర్లు, ఎలాస్టిసిటీ (ధర మారితే కొనడం ఎంత మారుతుందన్న లెక్క లాంటివి), పట్టికలు చదవడం. కాలిక్యులస్ ఊసే లేదు. ఆ 9 తప్పకుండా పనికొస్తుంది, కానీ వ్యాసం రాసిపెట్టదు.

అపోహ: ఎకనామిక్స్ డిగ్రీకి ఏ-లెవెల్ ఎకనామిక్స్ తప్పనిసరి

ఇక్కడికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. కేంబ్రిడ్జ్ గానీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గానీ ఎకనామిక్స్ డిగ్రీకి ఏ-లెవెల్ గణితం ఉండి తీరాలంటాయి. ఏ-లెవెల్ ఎకనామిక్స్ ఉండాలని పట్టుబట్టవు. డిగ్రీలో కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ మొదటి ఏడాది నుంచే ఉంటాయి మరి. ఏ-లెవెల్ గణితం అడగని యూనివర్సిటీలూ ఉన్నాయి. కానీ గణితం వదిలేసి ఎకనామిక్స్, బిజినెస్, సైకాలజీ తీసుకున్నవాళ్ళకి, ఇయర్ 13లో అప్లై చేసే వేళకి పెద్ద కోర్సులు చాలా వరకు అందకుండా పోతాయి. డిగ్రీ ఎకనామిక్స్ మనసులో ఉంటే ముందు గణితం ఖాయం చేసుకోండి. ఇది నా సొంత సబ్జెక్టుకి వ్యతిరేకంగా చెబుతున్న మాటే, అయినా అంతే.

మరైతే చదవడం ఎందుకంటారా? ఆ చదువు తనకు నప్పుతుందో లేదో పదిహేడేళ్ళకే తెలిసిపోతుంది. యూనివర్సిటీ ఫీజులు కట్టాక తెలుసుకోవడం కన్నా చాలా నయం.

ఇంకో రెండు చిన్నవి. బిజినెస్, ఎకనామిక్స్ ఒకటే అనుకుంటారు. బిజినెస్ ఒక కంపెనీ లోపల కూర్చుని చూస్తుంది, ఎకనామిక్స్ ఆ కంపెనీ ఉన్న మార్కెట్టునీ, దేశాన్నీ చూస్తుంది. రెండూ కలిపి తీసుకునే ముందు మీ పిల్లలు వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ ఏమంటుందో చూసుకోండి. ఇక షేర్లు కొనడం మేము నేర్పం. నేర్పితే ముందు నేనే బాగుపడేదాన్ని.

అపోహ: సరైన జవాబు ఒకటే ఉంటుంది

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో వడ్డీ రేటు నిర్ణయించే కమిటీలో తొమ్మిది మంది ఉంటారు. ద్రవ్యోల్బణాన్ని 2 శాతం దగ్గర ఉంచడం వాళ్ళ బాధ్యత. 2022 అక్టోబరులో 11.1 శాతానికి ఎక్కిన ద్రవ్యోల్బణం 2024 జూన్‌కి 2కి దిగింది. ఆగస్టు 1న కమిటీ రేటును 5.25 నుంచి 5 శాతానికి తగ్గించింది, కానీ ఓట్లు 5-4. అందరి ముందూ ఉన్నవి అవే అంకెలు. లక్ష్యం చేరిపోయింది కదా, నలుగురు ఎందుకు వద్దన్నారు? సేవల ధరలు, జీతాలు ఇంకా జోరుగానే పెరుగుతున్నాయన్నది వాళ్ళ భయం.

ఆ సమావేశాల మినిట్స్ (ఏం చర్చించారో రాసిన నివేదిక) బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. సబ్జెక్టు ఖాయం చేసే ముందు మీ అమ్మాయికో అబ్బాయికో ఒకటి ఇచ్చి, 'నువ్వైతే ఎటు ఓటేస్తావు, ఎందుకు?' అని అడగండి. ఎటన్నా ఫరవాలేదు. ఆ 'ఎందుకు' గురించి పది నిమిషాలు మీతో వాదించగలిగితే సబ్జెక్టు నప్పుతుంది. రెండో పేజీకే ఆవలింతలొస్తే ఇంకోటి చూసుకోమనండి, సిక్స్త్ ఫామ్‌లో సబ్జెక్టులకు కొదవ లేదు.